పసిబిడ్డ తల్లి, ఫజర్ నమాజు, కొండదారి పరుగు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మాకు పదిహేను నిమిషాలు ఇచ్చి విద్య మీద మాట్లాడమన్నారు. విద్య మీద ప్రతి ఏడూ మాట్లాడుతూనే ఉన్నాము. మీరూ ఓపికగా వింటూనే ఉన్నారు. ఈసారి వారి అనుమతితో విషయం మార్చుకున్నాము. పసిబిడ్డ ఉన్న తల్లి పరుగెత్తవచ్చునా? ఎత్తితే ఎక్కడ, ఎప్పుడు? ఆ వేళకు బిడ్డను పట్టుకునేదెవరు? ఇదీ మా విషయం. వెనుక వరుసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. ఉర్దూ అయ్యవారికి తెలుగు ఉపన్యాసం ఏమిటి, అదీ పరుగు మీద ఏమిటి అనుకుంటారు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు అయిన కడపవాళ్ళకు ఈ రెండు భాషలూ రెండు కాళ్ళ లాంటివి. నడవాలన్నా పరుగెత్తాలన్నా రెండూ కావాలి.

ముందుగా హజ్రత్ హాజిరా గారిని తలచుకుందాము. ఈ కథ మనకు తెలియనిది కాదు. బక్రీద్ వచ్చిందంటే ప్రతి ఖుత్బాలోనూ వింటాము. కాని మనం వినేటప్పుడు హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) త్యాగం మీదా, జమ్‌జమ్ నీటి మీదా మనసు పెడతాము గాని మధ్యలో ఉన్న ఆ తల్లి కాళ్ళ మీద పెట్టము. ఒక చర్మపు తిత్తిలో నీళ్ళు, కొన్ని ఖర్జూరాలు, చంకలో పాలు తాగే బిడ్డ. చుట్టూ మనిషి లేడు, చెట్టు లేదు. ఇది అల్లాహ్ ఆజ్ఞయేనా అని ఆమె భర్తను అడిగింది. అవునన్నారు. అయితే ఆయన మమ్మల్ని వదిలిపెట్టడు అని వెనక్కు తిరిగి వచ్చింది. అది ఆమె ఈమాన్. కాని నీళ్ళు అయిపోయి బిడ్డ గొంతు ఎండిపోతుంటే ఆమె ఈమాన్ ఉంది కదా అని కూర్చోలేదు. సఫా గుట్ట ఎక్కి చూసింది. దిగింది. లోయలోకి వచ్చేసరికి బట్ట అంచు పైకెత్తి పట్టుకుని, ఆపదలో ఉన్న మనిషి ఎలా పరుగెత్తుతుందో అలా పరుగెత్తింది. మర్వా ఎక్కింది. మళ్ళీ సఫా. ఇలా ఏడు విడతలు. పల్లంలోకి దిగినప్పుడు బిడ్డ కంటికి ఆనడు గనుక అక్కడ పరుగెత్తిందనీ, ఎత్తు మీదికి వచ్చి బిడ్డ కనబడగానే నడిచిందనీ పెద్దలు చెబుతారు. బిడ్డలు గల తల్లులకు ఈ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ పరుగే ఈనాటికీ హజ్‌లోనూ, ఉమ్రాలోనూ సయీ అయి నిలిచింది. ఒక్కొక్క విడత సుమారు 450 మీటర్లు. ఏడు విడతలు కలిపి మూడు కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పుడక్కడ పాలరాయి పరిచారు, చల్లటి గాలి యంత్రాలు పెట్టారు, పరుగెత్తవలసిన చోట ఆకుపచ్చ దీపాలు పెట్టారు. ఆ దీపాల మధ్య మగవాళ్ళే వేగంగా పోవాలి. ఆడవాళ్ళు మామూలుగా నడిస్తే చాలునని ఫిఖహ్ పండితులు అన్నారు. అది వారికిచ్చిన సౌకర్యం. దాన్ని మేము తప్పు పట్టడం లేదు. అయితే కోట్లమంది మగవాళ్ళు ఇన్ని శతాబ్దాలుగా అక్కడ పరుగెత్తుతున్నది ఒక పసిబిడ్డ తల్లి వెనుకనే అన్న సంగతి మన హాజీ సాబులు జ్ఞాపకం ఉంచుకోవాలి. మక్కా నుంచి వచ్చినవాళ్ళు మాతో మోకాళ్ళ నొప్పి సంగతి చెబుతారు, ఖర్జూరం ధర చెబుతారు. ఈ మాట మాత్రం ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

రెండవది హజ్రత్ ఆయిషా (రజి) గారి సంగతి. అబూ దావూద్ సంకలనంలో ఉన్న హదీసు. ఒక ప్రయాణంలో ప్రవక్త (స) తన భార్యతో పరుగు పందెం వేసుకున్నారు. ఆమె సన్నగా ఉన్న రోజులవి. ఆమె గెలిచింది. కొన్నాళ్ళకు ఒళ్ళు వచ్చాక మళ్ళీ పందెం పెట్టుకుంటే ఆయన గెలిచి, దీనితో అది చెల్లు అన్నట్టు నవ్వుతూ అన్నారు. మరొక రివాయత్‌లో ఇంకొక వివరం ఉంది. పందేనికి ముందు ఆయన వెంట ఉన్నవారందరినీ మీరు ముందు సాగండి అని పంపివేశారు. చూడండి, పందెం మానలేదు, పరదా విడవలేదు. ఇద్దరికీ చోటు చేశారు. మేము ముఫ్తీలము కాము, ఫత్వా చెప్పడం మా పని కాదు. వేదిక మీద ఆలిమ్ సాబ్ ఉన్నారు, మా మాటలో ఎచ్చుతగ్గులు ఉంటే వారు సవరిస్తారు.

ఇక కొండదారి పరుగు అంటే ఏమిటో రెండు మాటలు. ట్రెయిల్ రన్నింగ్ అంటున్నారు ఇప్పుడు. తారు రోడ్డు మీద కాకుండా మట్టిదారిలో, పశువుల బాటలో, గుట్టల వాలులో పరుగెత్తడం. ఎక్కుడు వచ్చినచోట ఎంతటి వీరుడైనా నడుస్తాడు. అందులో నామోషీ ఏమీ లేదు. దిగుడులో అడుగులు చిన్నవి వెయ్యాలి, చూపు నాలుగు గజాల ముందు నేల మీద ఉండాలి. మట్టి మెత్తన గనుక సిమెంటు మీదికన్నా పాదానికి దెబ్బ తక్కువ, కాని రాళ్ళుంటాయి గనుక మడమ మడత పడకుండా చూసుకోవాలి. మా తాతల కాలంలో కట్టెలకు, మేకలకు గుట్టలకు పోయిన ఆడవాళ్ళు చేసినది సగం ఇదే. వాళ్ళు దానికి ఇంగ్లీషు పేరు పెట్టలేదు, బూట్లు కొనలేదు.

ఈ పరుగులో పసిబిడ్డల తల్లులు ఈమధ్య చేసినవి వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఇంగ్లండు దేశస్థురాలు సోఫీ పవర్ అనే ఆమె 2018లో ఆల్ప్స్ పర్వతాలలో జరిగే పెద్ద పందెంలో పాల్గొన్నది. ఫ్రాన్సులో షామొనీ ఊరి దగ్గర మొదలై ఇటలీ, స్విట్జర్లాండుల మీదుగా తిరిగి అక్కడికే వచ్చే 170 కిలోమీటర్ల దారి. అప్పటికి ఆమె బిడ్డకు మూడు నెలలు. ఇటలీలో ఒక మజిలీ దగ్గర ఆమె ఒక రొమ్ము బిడ్డకిచ్చి, రెండవ రొమ్ము పాలు యంత్రంతో తీసుకుంటూ కూర్చుంటే ఎవరో ఫోటో తీశారు. అది లోకమంతా తిరిగింది. అంత చిన్న బిడ్డతో ఎందుకు పోవాలి అని మనవాళ్ళు అడుగుతారు. మేమూ అడిగాము. సంగతేమంటే, అంతకు ముందు 2014లో ఆమెకు ఈ పందెంలో చోటు వచ్చింది. అప్పుడు మొదటి కాన్పుతో ఉంది. దెబ్బ తగిలితే చోటు మరుసటి ఏటికి జరుపుతారు గాని కడుపుతో ఉంటే జరపరు అని అప్పటి నియమం. ఆ ఫోటో తరువాత అందరూ అడగసాగారు, నియమం మారింది. ఒక తల్లి పడిన అవస్థ తరువాతి తల్లులకు దారి అయింది.

ఇంకొకామె జాస్మిన్ పారిస్. స్కాట్లాండులో పశువుల డాక్టరు. 2019 జనవరిలో బ్రిటన్ వెన్నెముక లాంటి పెన్నైన్ కొండల మీద 268 మైళ్ళ పందెం. సుమారుగా మన కడప నుంచి హైదరాబాదు పోయేంత దూరం. గాలి, బురద, పదహారు గంటల రాత్రి. పాలు తాగే 14 నెలల పాప ఇంటి దగ్గర ఉంది. మజిలీల్లో ఆగినప్పుడు ఆమె పాలు తీసేసుకుని మళ్ళీ బయలుదేరింది. 83 గంటల 12 నిమిషాల్లో చేరింది. ఆడవాళ్ళలో మొదట కాదు, మగవాళ్ళను కూడా కలుపుకుని మొదట. పాత రికార్డు కన్నా 12 గంటలు ముందు. ఆమెయే 2024 మార్చిలో అమెరికాలో బార్క్‌లీ అనే పందెంలో 60 గంటల గడువుకు 99 సెకండ్లు మిగిలి ఉండగా గేటు తాకింది. ఆ పందెం పూర్తి చేసిన మొదటి ఆడమనిషి ఆమె. అప్పటికి ఇద్దరు బిడ్డల తల్లి.

వాళ్ళు మనవాళ్ళు కారు, వాళ్ళ బట్టలు వేరు, పద్ధతులు వేరు అనే మాట రానే వస్తుంది. నిజమే. అయితే రహాఫ్ ఖతీబ్ సంగతి వినండి. ఆమె పుట్టింది డమాస్కస్‌లో, ఉండేది అమెరికాలో. ముగ్గురు బిడ్డల తల్లి, హిజాబ్ తీయకుండా మారథాన్లు పరుగెత్తింది. 2016లో అక్కడి ఆడవాళ్ళ పరుగు పత్రిక ఒకటి ఆమె బొమ్మను అట్ట మీద వేసింది. మరుసటి సంవత్సరం 2017లో నైకీ కంపెనీవాళ్ళు పరుగుకు అనువైన హిజాబ్ తెస్తున్నామని ప్రకటించారు. కంపెనీలు లాభం లేనిదే వరదకు పోవు. అంటే కొనేవాళ్ళు అంతమంది ఉన్నారన్న మాట.

పందేల సంగతి ఇంతటితో సరి. మన కోడళ్ళు ఎవ్వరూ 268 మైళ్ళు పోనక్కరలేదు. మాకు కావలసినది రోజుకు ముప్పావు గంట.

ఇప్పుడు మన మొహల్లాకు వస్తాము. మా బడిలో చదివిన ఒక అమ్మాయి, పేరు చెప్పము. స్పోర్ట్సు రోజున 400 మీటర్లలో రెండేళ్ళు మొదట వచ్చింది. ఇరవైరెండేళ్ళకు పెళ్ళి. భర్తది విడిభాగాల అంగడి. పెద్దవానికి మూడున్నర ఏళ్ళు, చిన్నవాడికి పదకొండు నెలలు. ఆ పిల్ల దినచర్య వినండి. చీకటితో లేస్తుంది. లేవడమేమిటి, రాత్రి మూడుసార్లు చిన్నవాడి కోసం లేచి ఉంటుంది. నీళ్ళు పట్టాలి. అత్తగారికి ఇన్సులిన్ సూది వెయ్యాలి. చపాతీలు, పెద్దవాని టిఫిన్ డబ్బా, భర్త చాయ్, గిన్నెలు, బట్టలు. ఉయ్యాల ఒక కాలితో ఊపుతూ ఉల్లిగడ్డలు తరుగుతుంది. మధ్యాహ్నం బంధువులు. సాయంత్రం అరబ్బీకి వచ్చే ఇద్దరు పక్కింటి పిల్లలు. రాత్రి పదకొండుకు ఇషా. ఇది ఒక ఇల్లు కాదు, మన ఇళ్ళలో సగం ఇంతే.

రెండవ కాన్పులో ఆమెకు షుగర్ వచ్చింది. కాన్పు తరువాత తగ్గింది గాని, ఇటువంటివాళ్ళకు మున్ముందు శాశ్వతంగా వచ్చే ప్రమాదం ఎక్కువ, ఒళ్ళు కదిలించమ్మా అని లేడీ డాక్టరు చెప్పింది. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు పదికోట్ల పైచిలుకు అని 2023లో అచ్చయిన పెద్ద సర్వే లెక్క తేల్చింది. అంతా లెక్కలోకి తీసుకోనక్కరలేదు, మన దావత్‌లలో దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నవాళ్ళలో మాత్రలు మింగేవాళ్ళను లెక్కపెట్టండి, చాలు.

ఆ అమ్మాయి భర్తతో ఊరి చివర గుట్ట వైపు నడక మొదలుపెట్టింది. ఫజర్ చదువుకుని, చిన్నవానికి పాలిచ్చి, అత్తగారి ఒడిలో పెట్టి బయలుదేరుతుంది. నెలకు నడక పరుగు అయింది. పొడుగు కుర్తా, సల్వార్, గట్టిగా చుట్టిన దుపట్టా, కాళ్ళకు బూట్లు. మనిషిని గుర్తుపట్టేంత వెలుతురు వచ్చేసరికి ఇంట్లో ఉంటుంది. మూడు నెలలు ఎవరికీ పట్టలేదు. నాలుగో నెల ఎవరో చూశారు. చూసినవారు ఒకరు, చెప్పినవారు పదిమంది. కోడలు గుట్టలమ్మట పరుగెత్తుతోందట, మొగుడు వెంట తోలుకుపోతున్నాడట అని అత్తగారి దగ్గర పంచాయితీ పెట్టారు. ఆ అత్తగారికి షుగర్‌తో కాలివేలు రెండు తీసేశారు. ఆమె చెప్పిన జవాబు మా ఇంట్లో వాళ్ళు విని వచ్చి చెప్పారు. “నా కాళ్ళు ఈ జబ్బుకు పోతున్నాయి. దాని కాళ్ళన్నా నిలవనీయండి. పిల్లోణ్ణి పట్టుకునేది నేను, మీకేం బరువు?” ఇంతే ఆమె అన్నది. మేము ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాము, ఇంత పొట్టి పాఠం ఎన్నడూ చెప్పలేదు.

ఆ అమ్మాయి తరువాత తన పెద్దవాణ్ణి బడిలో చేర్చే పని మీద వచ్చింది. ఎలా ఉన్నావమ్మా అంటే చెప్పింది. “సర్, ఇదివరకు నమాజులో నిలబడితే మనసంతా పిల్లోని ఏడుపు మీద, కుక్కర్ విజిల్ మీద. మూడో రకాతో నాలుగో రకాతో తెలిసేది కాదు. గుట్టకు పోయి వచ్చిన రోజు లెక్క తప్పడం లేదు. కోపం కూడా తగ్గింది. పెద్దోణ్ణి కొట్టి నెల దాటింది” అని. ఆ చివరి మాట దగ్గర కొంచెం సేపు మేమేమీ మాట్లాడలేకపోయాము. మన ఇళ్ళలో పిల్లలు తినే దెబ్బల్లో సగం వాళ్ళ తప్పుకు పడేవి కావు. నిద్రలేని తల్లి అలసటకు పడేవి.

తెర అవతల ఉన్నవారికి కొన్ని మాటలు ముందుగానే చెప్పాలి. పరుగు మంచిదని రేపే మొదలుపెట్టకండి. కాన్పు అయ్యాక పరుగుకు కనీసం మూడు నెలలు ఆగాలని ఇంగ్లండులో ఫిజియోథెరపీ నిపుణులు 2019లో మార్గదర్శకాలు వేశారు. ఆపరేషన్ కాన్పు అయితే డాక్టరు సరేనన్న తరువాతనే. అంతదాకా నడక. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్క జారే బాధ కాన్పుల తరువాత చాలామందికి ఉంటుంది. మన ఆడవాళ్ళు సిగ్గుతో తల్లికి కూడా చెప్పుకోరు. వజూ నిలవలేదేమో అని పదేపదే చేసుకుంటూ నమాజంటేనే భయపడిపోతారు. ఇది జబ్బుల్లో ఒక జబ్బు, కటి కండరాలకు వ్యాయామాలున్నాయి, చాలామందికి నయమవుతుంది. వజూ సంగతికి ఆలిమ్ సాబ్ ఇంట్లో వాళ్ళ ద్వారా అడిగించుకోండి, ఇటువంటివారికి షరీఅత్‌లో వెసులుబాటు ఉంది. ముందు ఆ బాధ తగ్గాలి, తరువాతే పరుగు.

పరుగెత్తితే పాలు వేడి చేస్తాయి, పాలు ఎండిపోతాయి అని ముసలమ్మలు భయపెడతారు. పాలిచ్చే తల్లులు మితంగా వ్యాయామం చేస్తే పాలు తగ్గవనీ, బిడ్డ ఎదుగుదలకు లోటు రాదనీ 1994లో అమెరికాలో జరిపిన పరిశోధనలో తేలింది. బయలుదేరే ముందు బిడ్డకు పాలిచ్చి పోతే తల్లికీ సుఖం, బిడ్డకూ సుఖం. రమ్‌జాన్‌లో పాలిచ్చే తల్లికి రోజా తరువాత కజా చేసుకునే అనుమతి ఉంది. రోజా ఉన్నవాళ్ళు ఆ నెల పరుగు మాని నడకతో సరిపెట్టుకోవచ్చు. పరుగు ఇబాదత్‌కు పోటీ కాదు.

మన కడపకు మూడు వైపులా నల్లమల, పాలకొండలు. దేవుడిచ్చిన మైదానం. కాని ఎండాకాలంలో సూర్యుడు లేస్తే బయట నిలబడలేము. కాబట్టి మనకు ఫజర్ తరువాతి గంటే గంట. ఆ గంటకు లేచే అలవాటు మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు, అజాన్ ఎప్పుడో నేర్పింది. ఇంకొక జాగ్రత్త. ఎర్రచందనం అడవుల్లోకి అనుమతి లేకుండా పోకూడదు. ఫారెస్టువాళ్ళు పట్టుకుంటే పరుగెత్తడానికి వచ్చామంటే నమ్మరు, నమ్మకపోవడమే వాళ్ళ ఉద్యోగం. ఊరివైపు గుట్టల్లోని పశువుల బాటలు చాలు. పాములుంటాయి, చేతిలో దీపం ఉండాలి. ఒంటరిగా ఎవరూ పోకూడదు, మగవాళ్ళు కూడా.

అభ్యంతరాలు చెప్పే పెద్దలను మేము తక్కువ చేయడం లేదు. ఆడపిల్లల మీద పడే కళ్ళ సంగతి వారు మాకన్నా ఎక్కువ చూశారు. కాని వారు చెప్పే మందు ఒక్కటే, ఇంట్లో ఉండు అని. బజారుకు, ఆసుపత్రికి, రేషన్ షాపుకు, పెళ్ళిళ్ళకు పంపేటప్పుడు ఆ మందు గుర్తుకు రాదు. ఆమె తన ఒంటి కోసం ఒక గంట అడిగినప్పుడే గుర్తుకు వస్తుంది. ఇది మాకు సమంజసంగా తోచలేదు. సోఫీ పవర్‌కు మజిలీలో బిడ్డను అందించిన మనిషి ఒకడున్నాడు. మన అమ్మాయికి అత్తగారు ఉంది. హజ్రత్ హాజిరా గారికి ఆ రోజున ఎవ్వరూ లేరు, బిడ్డను నేల మీద వదిలి పరుగెత్తవలసి వచ్చింది. మన మొహల్లాలో మూడువందల గడపలున్నాయి.

ఆ అమ్మాయిని చూసి ఇంకొక ఐదుగురు మేమూ వస్తామంటున్నారు. అందరికీ వెంట వచ్చే భర్తలు లేరు. ఇద్దరి భర్తలు గల్ఫ్‌లో ఉన్నారు. అందుకని సంఘానికి మా మనవి ఇది. మన సంఘం ఆవరణకు నాలుగు వైపులా ఎత్తు గోడ ఉంది. ఫజర్ తరువాత ఒక గంట దాన్ని ఆడవాళ్ళకు వదలాలి. ఆ వేళలో మగవాళ్ళు ఎవరూ అటు పోకూడదు, కమిటీ మెంబర్లతో సహా. పక్క గదిలో పిల్లలను వంతులవారీగా చూసుకోవడానికి పెద్దవయసు ఆడవాళ్ళు ముందుకు రావాలి. ఆదివారం ఒక్కరోజు అన్నదమ్ములు, భర్తలు, తండ్రులు వెంట ఉండి గుట్ట దాకా తీసుకుపోవాలి. వారు గుట్ట కింద కూర్చుని చాయ్ తాగుతూ కాపలా ఉంటే చాలు, అది మనకు చేతనైన పనే. ఖర్చు లెక్క కూడా వేసుకొచ్చాము, ఖజాంచీగారు కంగారు పడనక్కరలేదు. గేటు దగ్గర ఒక బల్బు, రెండు చాపలు, ఒక ఉయ్యాల. ఉయ్యాల మా ఇంటి అటక మీద ఉంది, మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, దాన్ని పంపిస్తాము. గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న తగవు వస్తే, మా గోడ ఆవరణ గోడకు ఆనుకునే ఉంది గనుక మా ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర ఉంచండి. వారు ఎలాగూ అజాన్‌కు ముందే లేస్తారు.